మా గ్రూప్‌లో ఆఖరి మెసేజ్: హ్యాపీ న్యూ ఇయర్

తిన్నారా? నేనైతే ఇప్పుడే తిని కూర్చున్నా. అన్నం రూమ్‌లో పెట్టుకున్నా, పప్పు, దొండకాయ ఫ్రై కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్నా. జాబ్ మారింది, రూమ్ మారింది, ఫోన్ మారింది కానీ ఈ కర్రీ పాయింట్ కవర్ ముడి మాత్రం మారలేదు. ఇప్పటికీ పళ్లతోనే విప్పాలి.

సరే, ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంది కదా. వాట్సాప్ తీయండి. మీ కాలేజ్ రూమ్మేట్స్ గ్రూప్ ఒకటి ఉంటుంది, దాని పేరు ఇప్పుడు ఎవరికైనా చూపించాలంటే సిగ్గేస్తుంది, అలాంటి గ్రూప్. కిందకి స్క్రోల్ చేయండి, చాలా కిందకి. దొరికిందా? ఆఖరి మెసేజ్ ఏంటో చూడండి.

నాది నేను చెప్తా. ఆఖరి మెసేజ్ హ్యాపీ న్యూ ఇయర్. దానికి పైన ఒక పెళ్లి కార్డ్ పీడీఎఫ్. దానికి పైన మళ్లీ హ్యాపీ న్యూ ఇయర్. ఏడాదికి ఒకసారి అందరం బతికే ఉన్నామని అటెండెన్స్ వేసుకుంటున్నాం, అంతే.

ఇవాళ ఆ గ్రూప్ గురించే మాట్లాడాలి. నిజానికి ఈ ఎపిసోడ్ సరదాగా చేద్దామనుకున్నా. కాలేజ్ మెమరీస్, చిన్న చిన్న సంతోషాలు, బస్సు, బిర్యానీ, బంక్. స్క్రిప్ట్ కూడా రాసుకున్నా. తర్వాత ఒక నోట్‌బుక్ దొరికింది. దాంతో స్క్రిప్ట్ మొత్తం మార్చాల్సి వచ్చింది. చెప్తా.

మాది ఖమ్మం. 2013లో ఇంజనీరింగ్‌లో చేరా. సీఎస్‌ఈ. కాలేజ్ ఇబ్రహీంపట్నం వైపు, పేరు వద్దులెండి. ఆ రూట్‌లో ఎన్ని కాలేజీలు ఉన్నాయో ఎల్బీ నగర్‌లో 277 ఎక్కినవాళ్లకి తెలుసు. పొద్దున ఎనిమిదింటికి ఆ బస్సులో సీటు దొరికితే ఆ రోజు లాటరీ తగిలినట్టే. ఫుట్‌బోర్డ్ మీద ఒక కాలు, గాల్లో ఒక కాలు, బ్యాగ్ మాత్రం లోపల కూర్చున్న ఎవరో అక్క ఒళ్లో. దిగేటప్పుడు కిటికీలోంచి ఇచ్చేది. ఆ అక్క ఎవరో తెలియదు, ఆమెకి మనం ఎవరో తెలియదు. నాలుగేళ్లలో ఒక్క బ్యాగ్ కూడా పోలేదు. ఆలోచిస్తే అదొక పెద్ద విషయం అండి.

మా రూమ్ బీఎన్ రెడ్డి నగర్‌లో. ఒక్కటే గది, ముందు చిన్న వరండా, ఐదుగురం. అద్దె ఆరు వేలు, మనిషికి పన్నెండు వందలు. మాకు పేర్లు ఉండేవి కాదు, ఊర్లే పేర్లు. నేను ఖమ్మం. మిగతా వాళ్లు గుంటూరు, కరీంనగర్, కర్నూలు, సూర్యాపేట. "ఒరేయ్ గుంటూరూ, బకెట్ ఖాళీ చెయ్యరా", "కర్నూలు నిద్ర లేచిందా?" ఇలా. కింద ఉండే ఓనర్ ఆంటీకి చాలా రోజులు మేమేదో ఆర్టీసీ ఎంక్వైరీ కౌంటర్ నడుపుతున్నామని డౌట్.

మేం చేరినప్పుడు ఒకటే రాష్ట్రం. ఫస్ట్ ఇయర్ అయ్యేసరికి, 2014 జూన్ 2న, రెండు రాష్ట్రాలు అయ్యాయి. బయట ఏ చర్చ నడిచిందో మా రూమ్‌లోనూ అదే నడిచింది, ఒక్కోసారి గట్టిగానే. కానీ ఉన్నది ఒకటే రైస్ కుక్కర్. ఎంత గొడవైనా తొమ్మిదింటికి ఎవడో ఒకడు బియ్యం కడగాల్సిందే. కుక్కర్ విజిల్ వస్తే చర్చ అయిపోయినట్టే.

ఇప్పుడు చూసే చిన్న పిల్లలకి ఒక విషయం నమ్మబుద్ధి కాదు. మాకు అప్పుడు డేటా అంటే బంగారం. నెలకి ఒక జీబీ వేసుకుంటే వాడు రిచ్. సినిమా అంటే హార్డ్ డిస్క్. పై ఫ్లోర్ సీనియర్ అన్న దగ్గర ఒకటి ఉండేది, దాన్ని అడగాలంటే ముందు ఆ అన్నకి టీ తాగించాలి. కాల్స్ కూడా పైసా పైసా లెక్క. అందుకే మాకు మిస్డ్ కాల్ భాష ఉండేది. ఒక మిస్డ్ కాల్ అంటే కిందకి రా. రెండు అంటే కర్రీ పాయింట్ మూసేస్తున్నాడు, ఏం తేవాలి? మూడు అంటే...

మూడు అంటే బిర్యానీ.

ఇదే అసలు కథ.

మా ఐదుగురిలో సూర్యాపేట వాడు క్యాటరింగ్‌కి వెళ్లేవాడు. హైదరాబాద్‌లో చదివిన చాలామందికి ఇది తెలుసు, బయటకి చెప్పుకోరు, అంతే. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఉంటే చాలు. సాయంత్రం ఐదింటికి ఫంక్షన్ హాల్‌కి వెళ్లాలి. టేబుళ్లకి క్లాత్‌లు వేయాలి, ప్లేట్లు తుడవాలి, ఏడింటి నుంచి సర్వీసింగ్. మా వైపు నాగోల్, కర్మన్‌ఘాట్, సాగర్ రోడ్ నిండా ఫంక్షన్ హాళ్లే. రాత్రికి మూడు వందల యాభై ఇచ్చేవాళ్లు. భోజనం అక్కడే. మిగిలితే కాంట్రాక్టర్ ఒప్పుకుంటే ఒక కవర్.

ఆ కవర్ కోసం మేం మేల్కొని ఉండేవాళ్లం. అర్ధరాత్రి దాటాక, ఒంటిగంట, ఒకటిన్నర అప్పుడు ఫోన్ మూడు సార్లు మోగి ఆగేది. అంతే! నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చునేవాడు. కింద పేపర్ పరిచేవాళ్లం. వాడు వచ్చి కవర్ మధ్యలో పెట్టి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేవాడు. ఆ చొక్కా మీద పసుపు, నూనె మరకలు. మేం ముందు ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేవాళ్లం. ఒక్కోసారి డబుల్ కా మీఠా కూడా ఉండేది. చల్లారిన బిర్యానీ అండి, అడుగు మసాలా గట్టిగా అయిపోయి. నేను తర్వాత జాబ్‌లో టీమ్ లంచ్‌లకి పెద్ద పెద్ద చోట్ల తిన్నా. ఒట్టేసి చెప్తున్నా, ఆ రుచి రాలేదు.

పెళ్లి సీజన్ మాకు పంచాంగం చూడకుండానే తెలిసేది. మాఘం, ఫాల్గుణం వస్తే వారానికి మూడు కవర్లు. ఆషాఢం వస్తే మళ్లీ పప్పు, సాంబార్. కర్నూలు వాడు అనేవాడు, "పెళ్లిళ్లకి శూన్యమాసం అంటే మనకి కూడా శూన్యమాసమే అబ్బా" అని.

నేను ఒకసారి వాడితో వెళ్లా. ఒక్కసారే. స్వీట్ కౌంటర్ దగ్గర నిలబెట్టారు. రాత్రి తొమ్మిదికి మా క్లాస్ అమ్మాయి వాళ్ల ఫ్యామిలీతో వచ్చింది. నేను టేబుల్ కింద క్లాత్ సర్దుతున్నట్టు కూర్చుండిపోయా, ఆమె వెళ్లేదాకా లేవలేదు. సూర్యాపేట వాడు అది చూశాడు, ఏమీ అనలేదు. నా కౌంటర్ కూడా వాడే చూసుకున్నాడు. తర్వాత వారం వాడు "వస్తావా?" అని అడగలేదు, నేను "వస్తా" అనలేదు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చెప్పొచ్చు. చాలాసార్లు చెప్పా కూడా. ఆఫీస్‌లో, ఫ్రెండ్స్ దగ్గర, "మా రూమ్‌లో అర్ధరాత్రి బిర్యానీ పార్టీలు" అని. చెప్పినప్పుడల్లా ఒక ముక్క వదిలేసి చెప్పేవాణ్ని.

ఆ ముక్క పేరు అటెండెన్స్.

జేఎన్‌టీయూ రూల్ చదివినవాళ్లందరికీ తెలుసు. 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కండోనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షన్. ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, మళ్లీ జూనియర్స్‌తో కలిసి కూర్చోవాలి. రాత్రి రెండింటికి పడుకున్నవాడు పొద్దున ఎనిమిదింటి 277 ఎలా ఎక్కుతాడు? ఎక్కలేడు. ఫస్ట్ అవర్, సెకండ్ అవర్ పోయేవి. నేను ప్రాక్సీ వేసేవాణ్ని. గొంతు కొంచెం బొంగురు చేసి "ప్రెజెంట్ సార్". చాలా రోజులు నడిచింది. త్రీ-టూ, అంటే మూడో సంవత్సరం రెండో సెమిస్టర్, 2016 ఫిబ్రవరిలో సార్ పట్టుకున్నారు. ఇంకోసారి చేస్తే నీ అటెండెన్స్ కూడా కొట్టేస్తా అన్నారు. ఆపేశా.

ఆపేశానని వాడికి చెప్పా. "సరే తియ్" అన్నాడు. అప్పుడేమో పెళ్లిళ్ల సీజన్.

మార్చిలో ఒక గురువారం నోటీస్ బోర్డ్ మీద లిస్ట్ పెట్టారు. వాడి నంబర్ ఎదురుగా 61 పాయింట్ ఎంతో. సెమిస్టర్ ఇంకా ఉంది. రోజూ వస్తే దాటేయొచ్చు. నేను చూశా. ఇంటికి వెళ్లగానే చెప్దామనుకున్నా.

చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్లు నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నా. వాడు నిద్రపోతున్నాడు, వాడికి తెలిసే ఉంటుంది, సోమవారం చెప్దాంలే. అసలు కారణం ఏంటంటే, ఆ ఆదివారం నా పుట్టినరోజు. శనివారం రాత్రి వాడికి ఒక పెద్ద పెళ్లి పని ఉంది. "రేపు నీ బర్త్‌డేకి రెండు కవర్లు తెస్తారా" అన్నాడు. శుక్రవారం, శనివారం కాలేజ్‌కి రమ్మంటే వాడు ఆ పెళ్లి మానేస్తాడేమో అని నాకు అనిపించింది. అనిపించడం ఒక్క సెకనే. కానీ అనిపించింది.

బర్త్‌డే బాగా జరిగింది. రెండు కవర్లు వచ్చాయి. సోమవారం చెప్పలేదు, మంగళవారం చెప్పలేదు. ఆ తర్వాత బుధవారం కాలేజ్‌లో ఎవరో చెప్తే నేనూ అప్పుడే తెలిసినట్టు మొహం పెట్టా.

సెమిస్టర్ చివర్లో ఫైనల్ లిస్ట్ వచ్చింది. వాడిది 63.7. సెమిస్టర్‌కి దాదాపు 90 పని దినాలు. అంటే ఒక శాతం దాదాపు ఒక రోజు. లెక్క వేసి చూడండి. ఒక రోజు, కొంచెం ఎక్కువ. వాడు ఆ కాస్త తేడాతో డిటైన్ అయ్యాడు. నేను దాచిపెట్టింది నాలుగు పని దినాలు.

వాడు మే నెలలో సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ చేరడానికి ఆ ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వాడికి రాలేదు, చేతిలోంచి కట్టాలన్నారు. ఇంట్లో కుదరలేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి. ఎల్బీ నగర్‌లో సూర్యాపేట బస్సు ఎక్కించాం. మేం నలుగురం. వాడు కిటికీలోంచి బ్యాగ్ అందుకుని, "వస్తా మళ్ల, కుక్కర్ జాగ్రత్త" అన్నాడు. కుక్కర్ వాడిదే, మాకు వదిలేసి వెళ్లాడు.

ఆ సెప్టెంబర్ 5న జియో వచ్చింది. గుర్తుందా ఆ రోజులు? సిమ్ కోసం లైన్లు, ఫోన్‌లో కోడ్ తీసుకుని పట్టుకెళ్లడం. ఒక్కసారిగా డేటా ఫ్రీ, కాల్స్ ఫ్రీ. రాత్రంతా వీడియోలు. మిస్డ్ కాల్ భాష ఒక్క నెలలో చచ్చిపోయింది. విచిత్రం ఏంటంటే, పైసా పైసా లెక్కపెట్టుకున్నప్పుడు వాడితో రోజూ మాట్లాడాం. ఫ్రీ అయ్యాక వాడికి ఫోన్ చేసింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాడి దగ్గర ఫోర్ జీ ఫోన్ లేదు. మేం వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్లిపోయాం, వాడు అందులో చాలా ఆలస్యంగా వచ్చాడు. వచ్చేసరికి మా జోకులన్నీ వాడు లేని రోజులవి.

తర్వాత మామూలే. 2017లో పాసయ్యాం. ఆ ఏప్రిల్ 28న బాహుబలి రెండో పార్ట్ నలుగురం చూశాం. అమీర్‌పేటలో జావా కోర్సు, హాస్టల్, ఇంటర్వ్యూలు. 2018లో జాబ్. అదే సెప్టెంబర్‌లో ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేటకి మెట్రో మొదలైంది. గంటన్నర బస్సులో చెమటలు కక్కుకుంటూ వెళ్లే దారి, ఏసీలో కూర్చుని వెళ్తుంటే ఎంత హ్యాపీ అనిపించిందో! గుంటూరు డల్లాస్‌లో, కరీంనగర్ బెంగళూరులో, కర్నూలు ఇక్కడే గచ్చిబౌలిలో. నేను జాబ్ మానేసి ఇలా మీ ముందు.

మొన్న రూమ్ మారుతుంటే పాత పెట్టె అడుగున ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికింది. ముందు వైపు ఎం-వన్ లెక్కలు, వెనక వైపు రూమ్ ఖాతా. ఎవడు ఎంత పెట్టాడు, ఎవడు ఎవడికి ఎంత ఇవ్వాలి. కూర్చుని నవ్వుకుంటూ చదివా. "కొబ్బరి నూనె 20, గుంటూరు ఒక్కడే వాడాడు, వాడే కట్టాలి." "దోమల బ్యాట్ 150, ఐదుగురు." అలా తిప్పుకుంటూ పోతే ఒక పేజీ మీద, సూర్యాపేట వాడి గుండ్రటి రాతలో, "ఖమ్మం ఇవ్వాల్సింది".

చదువుతా. సప్లీ ఫీజు 1,100. బస్ పాస్ 240. ఊరికి ఛార్జీలు 400. బాహుబలి టికెట్ 100. చెప్పులు 300. రికార్డ్ బైండింగ్ 200. మొత్తం 2,340.

ఫస్ట్ ఇయర్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్, ఎం-వన్ పోయాయి నాకు. ఇంట్లోవాళ్లు పంపిన ఫీజు డబ్బులు ఫోన్ డిస్‌ప్లే పగిలితే దానికి పెట్టేశా. నాన్నకి చెప్పే ధైర్యం లేదు. వాడు కట్టాడు. రాత్రికి మూడు వందల యాభై అనుకున్నాం కదా. అంటే దాదాపు ఏడు రాత్రులు వాడు నిలబడి వడ్డించిన డబ్బు నా చెప్పులు, నా పాస్, నా సప్లీ. నా డిగ్రీ సర్టిఫికెట్‌లో మూడు నాలుగు రాత్రులు వాడివి ఉన్నాయి.

ఇంకో మాట. మాది ఖమ్మం అన్నా కదా. హైదరాబాద్ నుంచి ఖమ్మం బస్సు సూర్యాపేట మీదుగానే వెళ్తుంది. బస్టాండ్‌లో ఆగుతుంది కూడా. టీ తాగేంత టైమ్. ఎనిమిదేళ్లలో నేను ఎన్నిసార్లు ఆ బస్టాండ్‌లో టీ తాగి, మళ్లీ బస్సెక్కి పోయానో! సంక్రాంతికి, దసరాకి, అమ్మకి బాగోలేకపోతే. ఒక్కసారి కూడా ఫోన్ తీయలేదు.

ఈసారి దిగా.

నంబర్ మారలేదు. రింగ్ అయింది. నేను మాట్లాడకముందే, "ఏందిరా ఖమ్మం, ఇయ్యాల యాదికొచ్చిన్నా?" అన్నాడు. నా నంబర్ సేవ్ చేసి పెట్టుకున్నాడు.

వాడిప్పుడు అక్కడే క్యాటరింగ్ కాంట్రాక్ట్ చేస్తాడు. చిన్నదే, పన్నెండు మంది అబ్బాయిలు. ఆ రోజు సాయంత్రం ఒక పెళ్లి పని ఉంది, అక్కడికే రమ్మన్నాడు. వెళ్లా. పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది, చొక్కా మాత్రం తెల్లగా, మరకలు లేకుండా. హగ్ చేసుకున్నాం. ఒక ఐదు నిమిషాలు ఏవేవో మాట్లాడాం. తర్వాత నేను నోట్‌బుక్ తీశా, డబ్బులు తీశా. "వద్దురా" అంటాడని, నేను బలవంతం చేయాలని, సినిమాలో సీన్ లాగా అనుకున్నా.

తీసుకున్నాడు. లెక్కపెట్టుకున్నాడు కూడా. జేబులోంచి పెన్ను తీసి ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత కొట్టి, "అయిపాయె" అన్నాడు.

అప్పుడు నేను లిస్ట్ సంగతి చెప్పా. గురువారం చూశానని. బర్త్‌డే అని. చెప్తుంటే గొంతు సరిగ్గా రాలేదు నాకు. వాడు ప్లేట్లు లెక్కపెడుతూ విన్నాడు. మొత్తం విని ఏమన్నాడో వాడి మాటల్లోనే చెప్తా.

"లిస్టు నేను నీకన్న ముందే జూసిన. బుధారం నాడే. చెల్లె ఫీజు కట్టాలె అప్పుడు, ఆ పెండ్లి వదిలితే ఎట్ల? నువ్ జెప్పినా నేను పోయేటోణ్ని కాదు. నా డిటెన్షన్ నీ మీదేసుకోకు, అది నాది."

నాకు ఒక్కసారిగా తేలికైపోయింది. హమ్మయ్య అనుకున్నా. అక్కడితో ఆపలేదు వాడు.

"లిస్టు ముచ్చట ఇడ్సిపెట్టు. నాలుగు దినాలు జెప్పలే, సరే. తర్వాత ఎనిమిదేండ్లు ఏమైంది?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడూ లేదు. కోపంగా అనలేదండి వాడు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. అందుకే ఎక్కువ తగిలింది. ఇన్నేళ్లూ నేను మోసిన తప్పు, వాడి లెక్కలో అసలు తప్పే కాదు. వాడి లెక్కలో ఉన్న తప్పు నా ఖాతాలో ఎక్కడా రాసుకోలేదు.

సిగ్గేసి ఫోన్ చేయలేదా? మొదట్లో అవును. తర్వాత ఆ సిగ్గు కూడా పోయింది, అలవాటైపోయింది. అది ఇంకా అన్యాయం. మనం ఎవరినీ కావాలని వదిలేయం. ఇవాళ కాదు రేపు అంటాం, ఆ రేపులు కలిపితే ఎనిమిదేళ్లు.

"పాపం నువ్వు మా కోసం ఎంత కష్టపడ్డావురా" అన్నా నేను. దానికి మాత్రం కోపం వచ్చింది. "నీ వీడియోల నన్ను పాపం జెయ్యకు. నాకు గూడ మంచిగనే ఉండె ఆ దినాలు. మూడు మిస్డ్ కాల్స్ ఇచ్చి మెట్లెక్కుతుంటే, పైన మీరు పేపర్ పరుస్తున్న సప్పుడు ఇనబడేది. అది నాకిష్టం" అన్నాడు.

ఆ చప్పుడు మాకు ఎప్పుడూ వినపడలేదు. మేం పైన ఉన్నాం కదా.

రాత్రి పదిన్నరకి ఒకటి చూశా. పెళ్లి ఇంకా నడుస్తోంది, జనం ఉన్నారు. వాడు నలుగురు అబ్బాయిలని పిలిచి డబ్బులిచ్చి, తలా ఒక కవర్ చేతిలో పెట్టి పంపించేస్తున్నాడు. ఇంత రష్‌లో ఎందుకురా అంటే, "స్టూడెంట్స్. వాళ్లని పదకొండు దాటనియ్య. పొద్దున క్లాస్ ఉంటది" అన్నాడు. అంతే. దాని గురించి ఇంకేం మాట్లాడలేదు. వాళ్లు పోతే మనుషులు తక్కువయ్యారు. నా వైపు చూసి ఒక టోపీ విసిరాడు. "స్వీట్ కౌంటర్. ఈసారి టేబుల్ కింద దాక్కోకు."

అది గుర్తుంది వాడికి!

గంటన్నర డబుల్ కా మీఠా వడ్డించా. ఒక తమ్ముడు నన్ను గుర్తుపట్టి, "అన్నా, మీరు వీడియోల్లో..." అన్నాడు. "అవును తమ్ముడు, ఇంకో స్పూన్ వెయ్యనా?" అన్నా. పదేళ్ల క్రితం ఈ మాట అని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

అర్ధరాత్రి దాటాక మేమిద్దరం కిచెన్ వెనక పేపర్ పరుచుకుని తిన్నాం. చల్లారిన బిర్యానీ. ఆ రుచి వచ్చిందా అంటే, నిజం చెప్పాలి, రాలేదు. మంచి బిర్యానీ, అంతే. ఆ రుచికి ఇంకో ముగ్గురు కావాలి, ఆకలి కావాలి, ఇరవై ఏళ్ల వయసు కావాలి. అవి మళ్లీ రావు, వాటి కోసం వెతకడం వేస్ట్. కానీ పక్కన వాడున్నాడు. అది మాత్రం రాదనుకున్నా, వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ కొట్టేసిన పేజీ ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టా. కింద ఏమీ రాయలేదు. ముందు డల్లాస్ నుంచి గుంటూరు, "ఒరేయ్ ఆ కొబ్బరి నూనె నేనొక్కణ్నే వాడలేదు" అని. తర్వాత కర్నూలు, తర్వాత కరీంనగర్. పొద్దున లేచేసరికి 140 మెసేజ్‌లు. సూర్యాపేట వాడు మాత్రం మెసేజ్ పెట్టలేదు. గ్రూప్ కాల్ చేసి, మేం ఎత్తేలోపు కట్ చేశాడు. మళ్లీ చేసి కట్. మళ్లీ చేసి కట్.

మూడు.

సరేనండి, ఇదీ ఇవాళ్టి ముచ్చట. వాడి పేరు చెప్పొద్దన్నాడు, క్యాటరింగ్ నంబర్ మాత్రం డిస్క్రిప్షన్‌లో పెట్టమన్నాడు. పెట్టను, మీరు పొద్దస్తమానం ఫోన్ చేసి వాడి పని చెడగొడతారు. మీకు చెప్పేది ఒక్కటే. ఇందాక వాట్సాప్ తీశారు కదా, ఆ గ్రూప్‌లో ఎప్పుడూ రిప్లై ఇవ్వని ఒక పేరు ఉంటుంది. లేకపోతే గ్రూప్‌లోనే లేని పేరు ఒకటి ఉంటుంది. వాళ్లకి మెసేజ్ వద్దు, ఫార్వర్డ్ అస్సలు వద్దు. కాల్ చేయండి. "ఎనిమిదేళ్లు ఏమైంది?" అని అడిగితే సమాధానం రెడీ చేసుకోకండి, వినండి చాలు.

నేను రేపు ఎల్బీ నగర్ వెళ్తున్నా. కర్నూలు వాడు వస్తానన్నాడు. ఇద్దరం కలిసి 277 ఎక్కుదామని ప్లాన్, ఊరికే, ఆ చివరిదాకా. సీటు దొరికితే చెప్తా.

ఉంటానండి. మళ్లీ వారం కలుద్దాం. బై.